తలకు చుక్కల పచ్చబొట్టు: సూది పడకముందే తేలవలసిన విషయాలు

మీ ప్రశ్నను ముందుగా క్లుప్తంగా చెప్పుకుంటాను. మీకు 31 ఏళ్ళు, అనంతపురం నుంచి వచ్చి వైట్‌ఫీల్డ్‌లో ఉద్యోగం చేస్తున్నారు. కణతల దగ్గర జుట్టు వెనక్కి వెళ్ళింది, నడినెత్తిన పలచబడింది. జుట్టు కోసం తలకు రాసే మినాక్సిడిల్ మందు మూడు నెలలు వాడి, జుట్టు ఇంకా ఎక్కువగా రాలుతోందని మానేశారు. ఇప్పుడు ఒక టాటూ స్టూడియో వారు తలకు చుక్కల పచ్చబొట్టు వేసి మూడు సిట్టింగులలో తల నిండుగా కనిపించేలా చేస్తామని, ఇది శాశ్వత పరిష్కారమని చెప్పారు. నాలుగు నెలల్లో పెళ్ళి. సంబంధం కుదిరితే తిరుమలలో తలనీలాలు ఇప్పిస్తానని మీ అమ్మగారు మొక్కుకున్నారు. ప్రసవం తరువాత పాపిట వెడల్పయిన మీ అక్కగారికి కూడా ఇది పనికివస్తుందా అని అడిగారు.

నేను బెంగళూరులో చర్మవైద్యురాలిని. తలకు ఇలాంటి పచ్చబొట్టు వేయడమూ, వేరే చోట వేయించుకుని ఇబ్బందిపడుతూ వచ్చినవారికి సరిదిద్దడమూ నా పనిలో భాగం. మీకు నా సమాధానం ఇది: ఈ పద్ధతి మీకు ఒకనాటికి ఉపయోగపడవచ్చు, కానీ మీరు చెప్పిన క్రమంలో, ఈ నాలుగు నెలల్లో వద్దు. జుట్టు ఎందుకు ఊడుతోందో తేలాలి, మిగిలిన జుట్టును నిలుపుకునే మందు మొదలు కావాలి, రాబోయే పది పదిహేనేళ్ళు మీరు ఏ రకం తలకట్టుతో ఉండదలచుకున్నారో మీరే నిర్ణయించుకోవాలి. సూది ఆ తరువాతి మాట.

క్లినిక్కుల బోర్డుల మీద స్కాల్ప్ మైక్రోపిగ్మెంటేషన్ అని కనిపించేది ఒక సౌందర్య ప్రక్రియ మాత్రమే. సన్నని సూదులతో నల్లని లేదా బూడిద ఛాయ రంగును మాడు చర్మంలో చిన్న చిన్న చుక్కలుగా దించుతారు. ఒక్కొక్క చుక్క అప్పుడే గొరిగిన వెంట్రుక మొదలులా కనిపించాలన్నది ఉద్దేశం. తలకు చేసిన శస్త్రచికిత్సల మచ్చలను కప్పడానికి దీనిని వాడవచ్చని 2001 నాటికే వైద్య పత్రికలలో రాశారు. నేటికీ ఇది అతి చక్కగా పనికివచ్చే సందర్భాలలో అది ఒకటి. జుట్టు మార్పిడి కోసం తల వెనుక చర్మపు పట్టీ తీసినప్పుడు మిగిలే గీత మచ్చను, లేదా కుదుళ్ళను ఒక్కొక్కటిగా తీసినప్పుడు మిగిలే తెల్లని చుక్కలను ఈ రంగు చాలావరకు మరుగుపరుస్తుంది. అయితే ఇది ఒక్క కొత్త వెంట్రుకనైనా మొలిపించదు, రాలుతున్న వెంట్రుకనైనా ఆపదు.

మీరు వివరించిన తీరు మగవారిలో వంశపారంపర్యంగా వచ్చే బట్టతలకు సరిపోతోంది. టెస్టోస్టిరాన్ అనే హార్మోను 5 ఆల్ఫా రిడక్టేజ్ అనే ఎంజైము వల్ల డైహైడ్రోటెస్టోస్టిరాన్‌గా మారుతుంది. పుట్టుకతోనే దానికి లొంగే స్వభావమున్న కుదుళ్ళు ఏటేటా చిన్నవై, లావు వెంట్రుకకు బదులు సన్నని నూగును పుట్టించి, చివరకు అదీ మానేస్తాయి. కణతలు, నడినెత్తి ముందుగా దెబ్బతింటాయి. చెవుల పైభాగమూ తల వెనుక భాగమూ మిగులుతాయి. ఈ మార్పు 31 ఏళ్ళకు ఆగేది కాదు. ఈరోజు ఉన్న జుట్టుకు కలిసేలా నుదుటి దగ్గర చుక్కలు వేయించుకుని మందు వాడకపోతే, కొన్నేళ్ళకు ఆ చుక్కల వెనుక ఉన్న అసలు జుట్టు కూడా పోయి, ముందు ఒక నల్లని పట్టీ, దాని వెనుక నున్నని ఖాళీ మిగులుతాయి. దిద్దుబాటు కోసం నా దగ్గరకు వచ్చే యువకులలో తరచుగా చూసే పరిస్థితి ఇదే. రంగు వేసిన చేతిలో లోపం లేకపోయినా ఇది జరుగుతుంది, ఎందుకంటే వేసిన రోజున ఆ పని బాగానే ఉండి ఉంటుంది.

మీకున్నది వంశపారంపర్య బట్టతలే అని కూడా ఫోటో చూసి నిర్ధారించలేము. డెర్మోస్కోప్ అనే చిన్న భూతద్దంతో మాడును చూస్తే, పక్కపక్కనే లావు వెంట్రుకలు, సన్నని వెంట్రుకలు కలగలిసి, వాటి మందంలో 20 శాతానికి మించిన తేడా కనబడితే ఆ నిర్ధారణకు బలం వస్తుంది. డెంగీ, టైఫాయిడ్ వంటి జ్వరాల తరువాత, కఠినమైన డైటింగ్ తరువాత, ప్రసవం తరువాత రెండు మూడు నెలలకు తలంతా ఒక్కసారిగా రాలడం వేరే విషయం. అది చాలామందిలో కొన్ని నెలలకు దానంతటదే తిరిగి వస్తుంది, దాని మీద రంగు పొడిపించుకోవడం అనవసరం. పేనుకొరుకుడులో జుట్టు ఎప్పుడు పోయేదీ ఎప్పుడు వచ్చేదీ ఊహించలేము. లైకెన్ ప్లానోపైలారిస్ వంటి, కుదుళ్ళను మచ్చగా మార్చే వ్యాధులు చురుకుగా ఉన్నప్పుడు సూది పెడితే వ్యాధి రెచ్చిపోవచ్చు. సోరియాసిస్, బొల్లి ఉన్నవారిలో కూడా సూది గుచ్చిన చోటే కొత్త మచ్చ లేచే గుణం ఉంటుంది. ఒంటిమీద దెబ్బ తగిలిన చోట చర్మం ఉబ్బి గట్టిపడే కీలాయిడ్ స్వభావం ఉన్నవారు దీనికి దూరంగా ఉండడం మంచిది.

బెంగళూరు నీళ్ళు పడకపోవడం వల్లే జుట్టు పోయిందని మీరు రాశారు. ఇక్కడికి వచ్చిన మన తెలుగువారిలో ఈ మాట అననివారు అరుదు. బోరు నీళ్ళు, ట్యాంకరు నీళ్ళు ఉప్పగా ఉంటే వెంట్రుక గరుకుబారుతుంది, మధ్యలో తెగుతుంది, షాంపూ నురగ రాదు, అంతవరకు నిజం. కానీ కణతలను, నడినెత్తిని మాత్రమే ఎంచుకుని ఖాళీ చేసే శక్తి నీటికి లేదు. కావేరి నీళ్ళు వచ్చే ఇంటికి మారితే ఆగిపోతుందని ఎదురుచూస్తూ రెండు మూడేళ్ళు పోగొట్టుకున్నవారిని చూసినప్పుడు నాకు నిజంగా బాధ కలుగుతుంది, ఎందుకంటే మందు బాగా పనిచేసే కాలం ఆ తొలి సంవత్సరాలే.

మినాక్సిడిల్ విషయంలో మీకు ఎవరూ సరిగా చెప్పలేదనిపిస్తోంది. అది మొదలుపెట్టిన తొలి వారాలలో, విశ్రాంతి దశలో ఉన్న పాత వెంట్రుకలు ఒక్కసారిగా రాలి, కొత్తవాటికి చోటిస్తాయి. చాలామంది సరిగ్గా అప్పుడే భయపడి మానేస్తారు. దాని ఫలితం తెలియడానికి కనీసం నాలుగు నుంచి ఆరు నెలలు, పూర్తిగా అంచనా వేయడానికి ఏడాది పడుతుంది, మానేస్తే నిలిచిన జుట్టు కొన్ని నెలల్లో తిరిగి పోతుంది. 1997లో అమెరికాలో బట్టతలకు అనుమతి పొందిన ఫినాస్టిరైడ్ 1 మిల్లీగ్రాము మాత్ర రాలడాన్ని ఆపడంలో ఇంకా బలమైనది. అయితే కొద్దిమందిలో కామవాంఛ తగ్గడం, అంగస్తంభన ఇబ్బందులు, మనసు కుంగిపోవడం కనిపిస్తాయి కనుక, ముఖ్యంగా పెళ్ళి ముందున్న మీరు దానిని మందుల దుకాణంలో అడిగి కొనుక్కోకుండా వైద్యుడితో కూర్చుని మాట్లాడిన తరువాతే మొదలుపెట్టాలి. ఈ రెండింటికీ పచ్చబొట్టుతో వైరం లేదు. సిట్టింగుకు కొన్ని రోజుల ముందు నుంచి, ఆ తరువాత చర్మం మానే దాకా కొన్ని రోజులు మినాక్సిడిల్ ఆపితే చాలు.

ఇక అసలు ప్రశ్నకు వస్తాను. మీకు ఏ రకం చుక్కలు? దీనిలో రెండు దారులున్నాయి, స్టూడియో వారు మీకు ఆ తేడా చెప్పినట్టు లేదు. మొదటిది, ఉన్న పొడవు జుట్టు మధ్య కనిపించే తెల్లని మాడుకు రంగు వేసి, జుట్టు ఒత్తుగా ఉన్న భ్రమ కలిగించడం. దీనికి అక్కడ ఇంకా తగినంత జుట్టు మిగిలి ఉండాలి. రెండవది, తలంతా ఎప్పుడూ మిల్లీమీటరు లోపు కత్తిరించి ఉంచుకుని, ఖాళీ భాగంలో చుక్కలు వేయించి, అప్పుడే గుండు చేయించుకున్న నిండు తలలా కనిపించడం. ఈ రెండవది చూడడానికి చాలా సహజంగా ఉంటుంది, కానీ రెండు మూడు రోజులకొకసారి ట్రిమ్మరు పెట్టే అలవాటును ఏళ్ళ తరబడి నిలుపుకోవాలి. పక్కల జుట్టు అంగుళం పెరగనిచ్చి, నున్నగా ఉన్న నడినెత్తిన మాత్రం చుక్కలు వేయించుకుంటే, గోడ మీద గీసిన చెట్టు పక్కన నిజమైన చెట్టు నిలబెట్టినట్టు తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. చుక్కకు ఎత్తు లేదు, నీడ లేదు, గాలికి కదలదు. కనుక నడినెత్తిన జుట్టు పలచగానైనా మిగిలి ఉంటే మొదటి దారి, కణతల దగ్గర ముందు గీతను, అంటే నుదుటి పైన జుట్టు మొదలయ్యే అంచును, పూర్తిగా కొత్తగా గీయించుకోదలిస్తే రెండవ దారి. కణతల దగ్గర చుక్కలు పెట్టి, పైన జుట్టు పొడవుగా దువ్వుకుంటానని మీరు రాసినది ఈ రెండింటిలో దేనికీ చెందదు. అలా చేయమని నేను ఎవరికీ చెప్పను.

ముందు గీత ఎక్కడ పెట్టాలన్న దాని మీదే ఈ పని మంచిచెడులు చాలావరకు ఆధారపడతాయి. పెళ్ళి దగ్గరపడిన ప్రతి యువకుడూ పద్దెనిమిదేళ్ళ నాటి నుదురు కావాలంటాడు, అది నాకు అర్థమవుతుంది. కానీ ఆ గీత నలభై అయిదేళ్ళ ముఖం మీద కూడా అక్కడే ఉంటుంది. నేను కనుబొమల నుంచి తగినంత ఎత్తులో, కణతల దగ్గర కొంత లోపలికి వంపు ఉంచి, గీత గీసినట్టు కాకుండా అంచున చుక్కలు చెదిరినట్టు వేస్తాను. రంగు కూడా మీ జుట్టు నలుపు కన్నా కొంత పలచని బూడిద ఛాయలోనే మొదలుపెడతాను. ముదురు చేయడం ఎప్పుడైనా సాధ్యమే, తేలిక చేయడం కష్టం. ఇంకొక సంగతి, జుట్టు నెరిసిన నాడు చుక్కలు నెరవవు. మీ నాన్నగారికి నలభై దాటకముందే తల నెరిసిందని రాశారు కనుక, మీ విషయంలో ఈ జాగ్రత్త మరింత అవసరం.

శాశ్వతం అన్న మాటను కూడా సరిచేయాలి. రంగు చర్మపు పై పొరలో పడితే ఆ పొర కొన్ని వారాలలో రాలి కొత్తది వస్తుంది కనుక దానితోపాటే పోతుంది. దాని కింది పొరలో పైభాగాన పడితే నిలుస్తుంది. ఇంకా లోతుకు దిగితే ఇంకు కాగితం మీద పాకినట్టు పాకి, చుక్కలు ఒకదానిలో ఒకటి కలిసి, నీలి ఛాయ తేలుతుంది. ఈ మూడింటి మధ్య దూరం మిల్లీమీటరులో కొద్ది వంతు మాత్రమే. పైగా నుదుటి దగ్గర చర్మం, నడినెత్తి చర్మం, మచ్చ మీది చర్మం ఒకేలా ఉండవు కనుక, చేతి పదును ఇక్కడ అన్నిటికన్నా ముఖ్యం. సరిగ్గా వేసిన రంగు సాధారణంగా మూడు నుంచి ఆరేళ్ళు బాగుండి క్రమంగా వెలిసిపోతుంది, అప్పుడు మళ్ళీ దిద్దించాలి. చేయిమీద, వీపుమీద బొమ్మలు చక్కగా వేసే కళాకారుడికి తల మీద ఈ పని వచ్చి ఉండాలన్న నియమం లేదు. అక్కడ రంగు లోతుగా, ముదురుగా ఉండడమే గొప్ప, ఇక్కడ అదే లోపం.

రంగులో ఏమున్నదన్నది రెండవ ప్రశ్న. నల్లని ఛాయకు కర్బన చూర్ణం, గోధుమ ఛాయలకు ఐరన్ ఆక్సైడులు వాడతారు. ఈ ఆక్సైడులున్న రంగులు కొన్నేళ్ళకు ఎర్రగా తిరగవచ్చు. ఐరోపా సమాఖ్య 2022 జనవరి నుంచి టాటూ రంగులలోని వేలాది రసాయనాల మీద పరిమితులు విధించింది. మన దగ్గర 2025లో కర్ణాటక ప్రభుత్వం పచ్చబొట్టు సిరాల నమూనాలను పరీక్షించి, వాటిలో 22 లోహాలను గుర్తించి, దేశవ్యాప్త ప్రమాణాలు కావాలని కేంద్రాన్ని కోరనున్నట్టు ప్రకటించింది. కనుక సీసా పేరు, బ్యాచ్ సంఖ్య, గడువు తేదీ చూపించమని అడగడం మీ హక్కు. క్రిమిరహితం చేయని నీటితో సిరా పలుచన చేస్తే వచ్చే ఇన్ఫెక్షన్లు సామాన్యమైనవి కావు. 2011లో న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్‌లో అలా కలిపిన సిరా వల్ల క్షయ జాతికి దగ్గరైన సూక్ష్మజీవి చర్మంలో చేరి, కొందరికి నెలల తరబడి మందులు వాడవలసివచ్చింది. సూదులు మీ కళ్ళ ముందే సీలు తీయాలి, రంగు మీ కోసం చిన్న కప్పులోకి తీసినదై ఉండాలి, మిగిలినది పారవేయాలి. హెపటైటిస్ బి టీకా వేయించుకోకపోయి ఉంటే ముందే వేయించుకోండి.

నచ్చకపోతే లేజరుతో తీసేస్తామని తేలికగా చెబుతారు. కర్బనపు నలుపు 1064 నానోమీటర్ల లేజరుకు బాగానే లొంగుతుంది, అయితే పలుమార్లు వెళ్ళాలి. ఐరన్ ఆక్సైడు ఉన్న రంగు మాత్రం లేజరు తగలగానే ఇంకా నల్లబడవచ్చు. కనుక తీయడానికి ముందు ఒక చిన్న మూల ప్రయత్నించి చూడనిదే ఎవరూ మొత్తం తల మీద లేజరు పెట్టకూడదు.

ఎక్కడ చేయించుకోవాలన్న దానికి ఫలానా చోటని చెప్పను. నమోదైన ప్రైవేటు వైద్యశాల అయితే కర్ణాటకలో కేపీఎంఈ (ప్రైవేటు వైద్యసంస్థల చట్టం) కింద ఇచ్చే నమోదు పత్రం కనిపించేలా పెట్టి ఉండాలి, అది చూడండి. వారు చూపించే ఫోటోలలో పని పూర్తయిన రోజువి కాక, ఏడాదీ రెండేళ్ళూ గడిచిన తరువాతివి అడగండి; పై నుంచి లైటు పడుతున్నప్పుడు తీసినవి, తడి తల మీద తీసినవి అడగండి. వీలైతే వారు చేసిన ఒక మనిషిని పగటి వెలుతురులో ఎదురుగా చూడండి. ఈరోజే డబ్బు కడితే తగ్గింపు అన్నవారి దగ్గర నుంచి మర్యాదగా లేచి రండి.

సిట్టింగు రెండు నుంచి అయిదు గంటలు పడుతుంది, నొప్పి తెలియకుండా పూత మందు రాస్తారు, కణతల దగ్గర మాత్రం కొంచెం ఎక్కువ తెలుస్తుంది. మొదటి రోజు చుక్కలు పెద్దవిగా, ముదురుగా, చుట్టూ ఎరుపుతో కనిపిస్తాయి. వారంలో పొక్కు రాలి రంగు పలచబడుతుంది, దానిని చూసి కంగారుపడి వెంటనే మళ్ళీ వేయమనకూడదు. సిట్టింగుల మధ్య పది రోజులు చాలని కొందరంటారు. చర్మం పూర్తిగా కుదుటపడ్డాక అసలు ఛాయ తెలుస్తుంది కనుక నేను మూడు నాలుగు వారాలు ఆగుతాను. తొలి నాలుగైదు రోజులు తల తడపకూడదు, చెమట పట్టకూడదు. బండి మీద ఔటర్ రింగ్ రోడ్డులో గంటసేపు హెల్మెట్ కింద ఉండేవారు ఆ వారం ఇంటి నుంచి పనిచేయడమో, మెట్రోలో వెళ్ళడమో చూసుకోవాలి. బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల ఎత్తున ఉంది, చల్లగా ఉందనిపించినా ఎండలోని అతినీలలోహిత కిరణాలు తక్కువేమీ కావు. టోపీ, మానిన తరువాత సన్‌స్క్రీన్ లేకపోతే రంగు త్వరగా వెలుస్తుంది. కొబ్బరినూనె రాస్తే రంగుకు హాని లేదు గాని, నూనె మెరుపులో చుక్కలు బల్లపరుపుగా కనిపించి గుట్టు బయటపడుతుంది. రక్తదానం చేసే అలవాటుంటే, పచ్చబొట్టు తరువాత సాధారణంగా ఏడాదిపాటు రక్తనిధి వారు తీసుకోరు. ఎప్పుడైనా ఎంఆర్ఐ తీయించుకోవలసివస్తే తల మీద రంగు ఉందని ముందే చెప్పాలి.

మొక్కు విషయానికి వస్తే, మానిన పచ్చబొట్టుకు గుండు వల్ల నష్టం లేదు, రంగు కింది పొరలో ఉంటుంది కనుక కత్తికి అందదు. కానీ వేయించుకున్న నెలలోపు కల్యాణకట్టలో కూర్చోవద్దు, పచ్చి చర్మానికి కత్తి, గంధం రెండూ పడవు. పలచని జుట్టు మధ్య వేసిన రకమైతే గుండు చేయగానే రంగున్న చోటు నల్లగా, పక్కలు తేలికగా కనిపించి, జుట్టు పెరిగేదాకా తేడా తెలుస్తుంది. అందుచేత మొక్కు ముందు తీర్చుకోవడమే మంచిది. దానివల్ల ఇంకొక మేలు కూడా ఉంది. గుండు తరువాత కొన్ని వారాలు ఆ పొట్టి జుట్టుతో మీ ముఖం ఎలా ఉందో, ఆ తీరు మీకు నచ్చుతుందో లేదో, ఏ ఖర్చూ లేకుండా మీకే తెలుస్తుంది. రెండవ దారి మీది అవునో కాదో నిర్ణయించుకోవడానికి ఇంతకన్నా మంచి పరీక్ష లేదు.

మీ అక్కగారికి ఇప్పుడే వద్దు. ప్రసవం తరువాత రాలిన జుట్టు చాలావరకు ఏడాదిలోపు తిరిగి వస్తుంది. ఈలోగా ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ), థైరాయిడ్, హీమోగ్లోబిన్ పరీక్షలు చేయించి, లోపముంటే సరిచేయాలి. ఏడాది దాటినా పాపిట వెడల్పు తగ్గకపోతే అప్పుడు చూద్దాం. పాపిట వెంట పలచగా వేసే చుక్కలు ఆడవారిలో ఎంతో సహజంగా ఒదుగుతాయి, పొడవు జుట్టు వాటిని కప్పుకుంటుంది కనుక మగవారికన్నా వారిలోనే తృప్తి ఎక్కువగా చూశాను.

మీ పెళ్ళి నాటికి ఏమి చేయాలో చెబుతాను. ఈ వారమే చర్మవైద్యుడికి చూపించి, నిర్ధారణ చేయించుకుని, మందు మొదలుపెట్టండి. తొలి వారాలలో రాలితే మానకండి. వీలైనంత త్వరగా తిరుమల వెళ్ళి మొక్కు తీర్చుకోండి, పెళ్ళి నాటికి జుట్టు అంగుళానికి పైగా వస్తుంది. ఆ రోజుకు నడినెత్తి కనిపించకూడదనుకుంటే, జుట్టుకు అతుక్కునే హెయిర్ ఫైబర్ల పొడి చాలు. మంగళస్నానం అయి తల బాగా ఆరాకే చల్లించుకోండి, హోమం దగ్గర చెమట పడితే తుడవకుండా అద్దించుకోండి. జీలకర్ర బెల్లం పెట్టే చోట అది కొంత చెదురుతుంది కనుక, ఫోటోలకు ముందు మళ్ళీ చల్లడానికి డబ్బా మీ తమ్ముడి చేతిలో ఉంచండి. మీరు చేసుకోబోయే అమ్మాయికి మీ జుట్టు సంగతి, మీరు వాడబోయే మందుల సంగతి ఇప్పుడే చెప్పండి, ఫినాస్టిరైడ్ విషయంలో ఆమె అభిప్రాయానికి కూడా విలువ ఉంది. మందుకు ఏడాది పూర్తయ్యాక, మొదటి రోజు తీసిన ఫోటోలతో పోల్చి చూసుకుని, నడినెత్తిన ఎంత నిలిచిందో తెలిసిన తరువాత పచ్చబొట్టు గురించి నిర్ణయం తీసుకోండి. అప్పటి ఫోటోలు పంపితే మీకు ఏ దారి సరిపోతుందో వివరంగా రాస్తాను.